ముందు స్నానం, తర్వాతే మాట

పొద్దున్నుంచీ పెద్దక్క మెడ వెనకాల ఏదో గుచ్చుకుంటోంది. పిన్ను ఊడి ఇరుక్కుందో, దువ్వెన పన్ను విరిగి ఉండిపోయిందో, ఏ దిక్కుమాలినదో తెలియదు. తీసి చూసుకుందామంటే కుదరదు. గుచ్చుకుంటున్నది విగ్గు లోపల. ఆ విగ్గు ఉన్నది పెద్దక్క తలమీద. ఆ తల ఉన్నది పోలీస్ స్టేషన్ బల్ల దగ్గర, నలుగురి మధ్య. నలుగురిలో బట్టలు విప్పమన్నా ఆవిడ ఇంత ఆలోచించదు. బట్టలు విప్పడం ఆవిడ వృత్తి. విగ్గు మాత్రం ఎవరి ముందూ ఇంతవరకూ విప్పలేదు.

పక్కన చిన్నది కూర్చుంది. కింది పెదవి వాచిపోయింది, మెడ చుట్టూ వేళ్ల గుర్తులు నల్లగా తేలాయి. పేరు దగ్గర పేచీ అయినప్పటినుంచీ ఎదురుగా ఉన్న గోడకేసి చూస్తోందే తప్ప ఉలుకూ లేదు, పలుకూ లేదు. తీసుకొచ్చిందేమో తను, ఇప్పుడు మూగనోము పట్టిందేమో తను. ఆ మొహం చూస్తే పెద్దక్కకి జాలేస్తోంది, ఆ మొండితనం చూస్తే ఒళ్లు మండిపోతోంది. రెండూ ఒకేసారి భరించాల్సి రావడం ఇంకా చిరాగ్గా ఉంది.

అసలు సంగతి నిన్న సాయంత్రం మొదలైంది.

బస్టాండు వెనక వీధిలో మెకానిక్ షెడ్డు పైన రెండు గదుల ఇల్లు వాళ్లది. ఉండేది ముగ్గురు: పెద్దక్క, పొడుగు, చిన్నది. ముగ్గురూ ట్రాన్స్ ఆడవాళ్లే. పుట్టినప్పుడు మగపిల్లాడన్నారు, కాదని తెలిసిన రోజున ఇంట్లోంచి పొమ్మన్నారు. ముగ్గురికీ ఒళ్లే బతుకుతెరువు. పొడుగు పగలు వెళ్తుంది, మిగతా ఇద్దరూ సందు చివర మలుపులో వంతులవారీగా నిలబడతారు. వంతులు ఎందుకంటే, ఉన్నది ఒకటే విగ్గు. అది పెద్దక్కది. పెద్దక్కకి నడినెత్తిన జుట్టు ఎప్పుడో రాలిపోయింది. చిన్నదానికి రాలలేదు. ఇల్లు వదిలి వచ్చేముందు దాని సొంత అన్నయ్యే పట్టుకుని గుండు గీసేశాడు. అది ఇప్పుడిప్పుడే చెవులదాకా పెరుగుతోంది. అందాకా వాడుకోవే అని పెద్దక్క విగ్గు ఇచ్చింది. ఇచ్చినప్పటినుంచీ పోరుతూనే ఉంది: గట్టిగా దువ్వకు, వానలో తడపకు, వేడినీళ్లు తగలనివ్వకు. అంతకుముందున్న విగ్గుని పొడుగు ఒకసారి మంచి చేస్తున్నాననుకుని సలసల కాగే నీళ్లలో ముంచింది. అది కాస్తా కొబ్బరిపీచు అయి కూర్చుంది. అప్పటినుంచి విగ్గుకి నీళ్లు తగలాలంటే పెద్దక్క చేతిమీదుగానే తగలాలి.

మనుషులకి మాత్రం నీళ్లు తప్పనిసరి. ఆ ఇంట్లో ఉన్న కట్టుబాటల్లా ఒక్కటే. పనినుంచి వచ్చినవాళ్లు గడప దాటగానే నేరుగా స్నానానికి వెళ్లాలి. స్నానం అయ్యేదాకా నోరు విప్పకూడదు. ఇది పెద్దక్క పెట్టింది కాదు, ఆవిణ్ణి చేరదీసిన పెద్దమ్మ పెట్టింది. ఆవిడ పోయి చాలాకాలమైంది. బయట ఎవడెవడో ఏమేమో అంటాడు, ఒంటిమీద ఏమేమో చేస్తాడు, అదంతా నీళ్లతో మోరీలోకి పోయాక వచ్చి కూర్చున్నదే నా బిడ్డ, దాంతోనే నేను మాట్లాడతాను అనేదిట. పెద్దక్కకి ఆ మాట ఎంత నచ్చిందంటే, దాన్ని పెద్దమ్మ పాటించినదానికన్నా పదింతలు పాటిస్తుంది. పొడుగు ఒకసారి గడపలో తేలు కుట్టిందని అరుస్తుంటే కూడా ముందు స్నానం చెయ్యమంది. అంత మొండిఘటం.

నిన్న సాయంత్రం చీకటి పడకముందే చిన్నది మెట్లెక్కి వచ్చింది. కాలికి ఒక చెప్పే ఉంది. విగ్గు తలమీద లేదు, చేతిలో ఉంది. పెద్దక్క స్టవ్ దగ్గర ఉల్లిపాయలు తరుగుతోంది. ఆవిడ అప్పటికే మంటమీద ఉంది, ఎందుకంటే పొడుగు తలంటుకుని డ్రమ్ములో సగం నీళ్లు అవగొట్టి హాయిగా నిద్రపోతోంది.

“అక్కా, వాడు…” అంది చిన్నది.

“ముందు స్నానం,” అంది పెద్దక్క, తల ఎత్తకుండానే.

చిన్నది కదల్లేదు. మళ్లీ ఏదో అనబోయింది. పెద్దక్కకి చిర్రెత్తుకొచ్చింది. ఉల్లిపాయ ఘాటుకి కళ్లు మూసుకుపోయి ఉన్నాయి, ఆ కళ్లతోనే లేచి, దాన్ని భుజాలు పట్టుకుని స్నానాలగదిలోకి తోసింది. విగ్గు లాక్కుని మేకుకి తగిలించింది. విప్పిన బట్టలు తలుపు సందులోంచి అందుకుని, వేడినీళ్లలో సబ్బుపొడి వేసి నానబెట్టడమే కాదు, కోపమంతా వాటిమీద తీర్చుకుంటూ అక్కడికక్కడే బాదేసింది. మరకలు కనిపించాయి కూడా. ఎక్కడ పడి లేచిందో అనుకుంటూ వాటిని ఇంకో నాలుగు బాదులు ఎక్కువ బాదింది.

స్నానం చేసి చిన్నది బయటికి వచ్చి దీపం కింద నిలబడ్డాకగానీ పెద్దక్క దాని మెడ చూడలేదు. చిన్నది అప్పుడు చెప్పింది. బ్రాస్లెట్ వాడు. చేతికి లావుపాటి వెండి బ్రాస్లెట్ పెట్టుకుని తిరిగే పెయింట్ల షాపువాడు, ఆ సందులో అందరికీ తెలిసినవాడే. మూసి ఉన్న షాపు వెనకగదిలోకి తీసుకెళ్లి గొంతు పట్టుకున్నాడు. ఊరికే ఊపిరాడక గిలగిల్లాడుతుంటే చూడ్డం వాడికి సరదా. చిన్నది వాడి మణికట్టు కొరికి, నోట్లోకి నెత్తురు వచ్చేదాకా వదలకుండా, అలా తప్పించుకుని వచ్చింది. వాడు వెనకనుంచి తాపీగా ఒక మాట అన్నాట్ట: ఇంకోసారి దొరకవా, అప్పుడు చూద్దాం.

వీడే ఇదివరకు మలుపులో నిలబడే మరో ఇద్దర్ని ఇలాగే చేశాడని అందరికీ తెలుసు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. అందులో ఒకామె గొంతు ఇప్పటికీ సరిగా పలకదు. మలుపు వదిలి వేరేచోటికి పోదామంటే వేరేచోట్లకి వేరేవాళ్లున్నారు. నిలబడకపోతే తిండి లేదు, నిలబడితే వాడున్నాడు. ఈసారి తప్పించుకున్నది వచ్చేసారి తప్పించుకుంటుందని ఎవరూ అనుకోవడం లేదు.

“స్టేషన్‌కి వెళ్తాను,” అంది చిన్నది.

పెద్దక్క నెత్తీనోరూ కొట్టుకుంది. నీకేమైనా మతిపోయిందా, వాళ్లు నీ మాట వింటారా, నవ్వుతారే పిచ్చిదానా అంది. తను వయసులో ఉన్నప్పుడు ఒకసారి వెళ్లిన సంగతి మళ్లీ చెప్పింది. దెబ్బలు తిన్నది తను, లోపల కూర్చోబెట్టిందీ తననే. పొద్దున్నదాకా ఒక్కొక్కడూ వచ్చి తొంగిచూసి పోయాడు. ఇంత చెప్పినా చిన్నది వింటే కదా. అది ఒకటే పాట పాడింది: వాడు రేపు పొడుగుని పట్టుకుంటే? ఎల్లుండి నిన్ను పట్టుకుంటే? నువ్వు కొరకగలవా అక్కా, నీకున్నవి నాలుగు పళ్లు. అంత ఏడుపులోనూ, ఆ గోలకి నిద్రలేచిన పొడుగు ఫక్కున నవ్వింది. పెద్దక్కకి నవ్వాలో దానికి రెండు తగిలించాలో తెలియలేదు.

పొద్దున్న లేచేసరికి చిన్నది తయారై గుమ్మంలో ఉంది. ఒక్కత్తినీ పంపడానికి పెద్దక్కకి ప్రాణం ఒప్పలేదు. తిట్టుకుంటూనే ఇస్త్రీ బట్టలు కట్టింది, తిట్టుకుంటూనే తలుపు చాటున తల గుడ్డ విప్పి మేకుకున్న విగ్గు తీసి పెట్టుకుంది. అద్దంలో పైపైన చూసుకుంది, దువ్వడానికి కూడా టైం ఇవ్వలేదు ఆ మహాతల్లి. అప్పటినుంచీ ఇదిగో, మెడ వెనక గుచ్చుకోవడం.

స్టేషన్లో మొదట దొరికిన పెద్ద కానిస్టేబుల్ ముగ్గురు మనుషుల పని ఒక్కడే చేస్తున్నట్టు మొహం పెట్టుకుని, చేసేది మాత్రం టీ తాగడం. అసలు పేరు చెప్పమన్నాడు. చిన్నది తన పేరు చెప్పింది. అసలుది అన్నాడు. ఇదే అసలుది అంది. ఇంట్లో పెట్టింది అన్నాడు. ఆ ఇంట్లోవాళ్లు నన్ను పొమ్మన్నప్పుడే పేరు కూడా వాళ్ల దగ్గరే వదిలేశాను అంది. అతను పెన్ను కింద పెట్టేశాడు. పెద్దక్క కల్పించుకోబోయి నాలుక కరుచుకుంది, గుచ్చుకుంటున్నచోట వేలితో నొక్కుకుని ఊరుకుంది. బల్లకి అటువైపు సైకిలు పోయిందని చెప్పడానికి వచ్చిన ముసలాయన, పక్కింటివాళ్ల కుక్కమీద ఫిర్యాదుకొచ్చిన టీచరమ్మ ఉన్నారు. ఇద్దరూ సైకిలునీ కుక్కనీ మర్చిపోయి వీళ్లనే చూస్తున్నారు.

చాలాసేపటికి ఇన్‌స్పెక్టర్ మేడమ్ వచ్చింది. నిద్రలేని కళ్లు, అరిగిపోయిన బూట్లు. ఆవిడ నవ్వలేదు. చిన్నదాని మెడని దగ్గరికి వచ్చి చూసింది, కూర్చోమంది, మొదటినుంచి చెప్పమంది. పెద్దక్క అనుకున్నట్టు జరగలేదు. జరగనందుకు కూడా ఎందుకో కాస్త కోపమే వచ్చింది. ఇన్నాళ్లూ ఈవిడ ఎక్కడ చచ్చింది మరి అనుకుంది.

అంతా విన్నాక మేడమ్ నిన్న వేసుకున్న బట్టలు అడిగింది.

“ఉతికేశాం,” అంది చిన్నది.

మరకలేమైనా మిగిలాయా అని అడిగింది. లేవు. స్నానం చేశావా అని అడిగింది. చేసింది. గోళ్లలో ఏమైనా ఉందేమో, అవి కూడా రుద్దేసుకున్నావా అంది. పెద్దక్కే బ్రష్షు పెట్టి రుద్దమంది. మేడమ్ రెండు చేతులతో మొహం తుడుచుకుంది.

“ఎవరమ్మా ఉతకమంది?”

“నేనే,” అంది పెద్దక్క.

ఎందుకు అని మేడమ్ అడిగితే కట్టుబాటు సంగతి చెప్పాలి, పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఇన్నేళ్లుగా ఎంత గర్వంగా నిలబెట్టిన కట్టుబాటు! ఆ పిల్ల నోరు తెరిచి చెప్పబోతే భుజాలు పట్టుకుని తోసింది. దాని గొంతుమీద వేళ్లు పెట్టినవాడు ఒకడైతే, నోరు మూయించింది తను. ఈ మాట మనసులోకి రాగానే పెద్దక్కకి తలకొట్టేసినట్టయింది.

మేడమ్ ఉన్నదున్నట్టు చెప్పింది. డాక్టరు దగ్గరికి పంపుతాను, మెడమీద గుర్తులు రాసిస్తారు, కానీ ఆ వేళ్లు ఎవరివో డాక్టరు రాయలేరు. అతను షాపున్నవాడు, లాయరుతో వస్తాడు, నేను ఆమెని చూడనే లేదంటాడు. మణికట్టు ఏమైందంటే కుక్క కరిచిందంటాడు. మీ మాట నేను నమ్ముతాను, పై ఆయన నమ్మడు. వాడు అక్కడున్నాడని, ఈ పిల్లమీద చెయ్యి వేశాడని పట్టిచ్చేది ఏదైనా ఒక్కటి కావాలి. లేకపోతే ఫిర్యాదు తీసుకుని ఫైల్లో పెట్టడం తప్ప నేను చేసేది లేదు.

ఫైల్లో పెట్టడమంటే ఏమిటో పెద్దక్కకి తెలుసు. ఈలోపల వాడికి కబురు వెళ్తుంది. స్టేషన్‌కి వెళ్లొచ్చిందని తెలిశాక వాడు చిన్నదాన్ని ఊరికే వదలడు. చిన్నది గోడకేసి చూడడం మానేసి ఇప్పుడు పెద్దక్కకేసి చూస్తోంది. తిట్టడం లేదు, ఏడవడం లేదు, చూస్తోందంతే. ఆ చూపు తట్టుకోలేక పెద్దక్క మొహం తిప్పుకుంది. మెడ తిప్పిందో లేదో మళ్లీ గుచ్చుకుంది, ఈసారి కసుక్కున.

“ఈ దిక్కుమాలిన విగ్గొకటి నా ప్రాణానికి,” అని గొణిగి, అక్కడికక్కడ ఆగిపోయింది.

మెల్లిగా చిన్నదానివైపు తిరిగింది. వాడు నిన్ను ముందు ఎక్కడ పట్టుకున్నాడే అంది. గొంతు అంది చిన్నది. అంతకంటే ముందు అంది పెద్దక్క. చిన్నది ఆలోచించింది.

“జుట్టు. వెనకనుంచి జుట్టు పట్టుకుని లాగాడు. విగ్గు ఊడొచ్చింది కానీ వాడి చేతికి చిక్కుకుపోయింది. నేను కొరికాక, రెండు చేతులా లాక్కుని పరిగెత్తాను. నువ్వు తిడతావని.”

“ఏ చేతికి చిక్కుకుంది?”

“బ్రాస్లెట్ చేతికి.”

పెద్దక్క వేలు నెమ్మదిగా మెడ వెనక విగ్గు లోపలి వల కిందికి దూర్చింది. గట్టిగా, చల్లగా, వంకరగా తగిలింది. పిన్ను కాదు. నీళ్లు తగలకూడదని తనే పోరి పోరి కాపాడిన విగ్గు, ఇల్లంతటిలో సబ్బు తగలని ఒకే ఒక్క వస్తువు, దాన్నే పొద్దున్నుంచీ తను నెత్తిన పెట్టుకుని ఊరేగుతోంది.

మేడమ్‌కి చెప్పింది. మేడమ్ లేచి నిలబడింది. పెద్దక్క కూడా లేచి, బాత్రూంలోకి వెళ్లి తీసి తెస్తాను అంది. మేడమ్ తల అడ్డంగా ఊపింది. అలా తెస్తే బాత్రూంలో మీరే పెట్టారంటారు వాళ్లు. ఇక్కడ, నా ముందు, బయటివాళ్లు ఇద్దరు చూస్తుండగా తియ్యాలి. బయటివాళ్లంటే ఎవరు? సైకిలు ముసలాయన, కుక్క టీచరమ్మ. తలుపు వేయిస్తాను, మిగతావాళ్లని పంపేస్తాను అంది మేడమ్. తలుపు వేసినా అద్దాల కిటికీ ఉంది, కిటికీ అవతల టీ తాగే కానిస్టేబుల్ ఉన్నాడు.

పెద్దక్కకి ఏడుపొచ్చింది. ఇన్నేళ్లలో జ్వరమొచ్చి పడుకున్నా తల గుడ్డ విప్పలేదు. పొడుగు చూడలేదు, చిన్నది చూడలేదు. ఏ మగాడూ చూడలేదు, వాళ్లకి మొదటి షరతే అది. ఆ జుట్టు ఉంటేనే వీధిలో తను ఆడది. లేకపోతే చూసేవాళ్ల కళ్లలో ఏమవుతుందో పెద్దక్కకి బాగా తెలుసు. ఆ మాట వినకుండా ఉండడానికే ఇన్నాళ్లూ ఎండనకా వాననకా మోసింది. ఇప్పుడు ఒక సైకిలాయన ముందు, ఒక కుక్కావిడ ముందు, ఒక టీ గ్లాసు ముందు తీసెయ్యాలిట.

“వద్దులే అక్కా, పోదాం పద,” అంది చిన్నది.

అది అనకపోతే ఏం చేసేదో తెలియదు. అది అనేసరికి పెద్దక్కకి ఎక్కడలేని కోపం వచ్చింది. నోర్ముయ్ అంది. ఇంతదూరం లాక్కొచ్చి ఇప్పుడు పోదామంటావా అంది. కుర్చీలో కూలబడి, మేడమ్‌కి మెడ వంచి, రెండు చేతులతో విగ్గు అంచులు పట్టుకుని తీసేసింది.

నున్నటి నడినెత్తి. చుట్టూ అక్కడక్కడ నెరిసిన వెంట్రుకలు. కిటికీ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. పెద్దక్క తల ఎత్తలేదు. ముసలాయన మాత్రం తన కళ్లజోడు సవరించుకుని, మనిషిని కాకుండా విగ్గునే చూశాడు. ఇక్కడుందమ్మా, వలలో అని వేలు పెట్టి చూపించాడు. టీచరమ్మ అప్పటిదాకా దూరంగా ఉన్నదల్లా దగ్గరికొచ్చి, కిటికీకి అడ్డంగా నిలబడింది.

వల దారాల్లో చిక్కుకుని విరిగిన వెండి బ్రాస్లెట్ లంకె ఉంది. దాని చుట్టూ నల్లగా ఎండిపోయిన నెత్తురు. మేడమ్ గ్లవ్స్ వేసుకుని, విగ్గు మొత్తాన్నీ ఒక కాగితం కవర్లోకి దించింది. మీ చెమట కూడా అంటుకుంది, లాయర్లు దానికీ ఏదో ఒకటి అంటారు, అయినా ఇది చాలు అంది.

“మళ్లీ ఎప్పుడిస్తారు?” అని అడిగింది పెద్దక్క.

కేసు అయ్యాక అంది మేడమ్. కేసు ఎప్పుడవుతుందని పెద్దక్క అడగలేదు. అడిగితే నిజం చెప్పే రకంలా ఉంది ఆవిడ.

డాక్టరు దగ్గర పని అయ్యేసరికి మిట్టమధ్యాహ్నమైంది. బయటికి రాగానే చిన్నది మెడకి చుట్టుకున్న గుడ్డ తీసి ఇచ్చింది. పెద్దక్క తీసుకోలేదు. నీ మెడే కప్పుకో, నా నెత్తి చూసి ఎవరూ చావరు అంది. చెప్పినంత తేలిగ్గా లేదు. ఎండకి మాడు కాలింది, షెడ్డు మెకానిక్ స్పానర్ పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇక సందు మలుపులో ఎలా నిలబడాలో, నిలబడితే ఎవడు ఆగుతాడో, ఆలోచిస్తే భయమేసింది. దారి పొడుగునా చిన్నదాన్ని తిడుతూనే ఉంది. చిన్నది దారి పొడుగునా ఆవిడ చెయ్యి పట్టుకునే ఉంది.

సాయంత్రం కాకముందే టీ కానిస్టేబుల్ ఫోన్ చేశాడు. షాపువాడు దొరికాడు. బ్రాస్లెట్ చేతికే ఉంది, తెగినచోట దారంతో ముడేసి పెట్టుకున్నాడు. మణికట్టుకి కట్టు ఉంది, కుక్క కరిచిందనే చెప్పాడు. ఫోన్ పెట్టేముందు కానిస్టేబుల్ చిన్నదాన్ని దాని పేరుతోనే పిలిచి, రేపు ఒకసారి రావాలని చెప్పాడు.

పొద్దువాలాక పొడుగు పనినుంచి వచ్చింది. అలవాటు ప్రకారం ఎవరితోనూ మాట్లాడకుండా, తువ్వాలు అందుకుని స్నానాలగదివైపు నడిచింది. గుమ్మంలో పీట వేసుకుని పెద్దక్క అడ్డంగా కూర్చుని ఉంది. తలమీద విగ్గు లేదు, గుడ్డ లేదు. పొడుగు నోరు తెరిచి, కట్టుబాటు గుర్తొచ్చి, మళ్లీ మూసేసింది.

“ముందు చెప్పు,” అంది పెద్దక్క. “తర్వాత స్నానం.”

ఏం చెప్పాలి అన్నట్టు పొడుగు చిన్నదానికేసి చూసింది. చిన్నది నవ్వింది, పెదవి నొప్పెట్టి ఆగిపోయింది.

“ఏం జరగలేదక్కా ఇవాళ,” అంది పొడుగు. “ఊరికే నిలబడ్డాను. కాళ్లు పీకాయి.”

“అదే చెప్పు. మొత్తం చెప్పు.”

పొడుగు తువ్వాలు భుజాన వేసుకుని, ఒంటినిండా ఆ రోజు దుమ్ముతో గుమ్మంలోనే చతికిలబడి, ఏమీ జరగని ఆ రోజంతా మొదటినుంచి చెప్పుకొచ్చింది. పెద్దక్క గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా విన్నది.